హోరు ఆగని తోట

పిల్లలూ! ఈ నెల మనం చూడబోయే తోటకు ఎడ్లబండి మీద పోలేము, రైలెక్కీ పోలేము. అది మన నెత్తిమీద దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది. పైగా ఒకచోట నిలవదు. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో, రోజుకు 16 సార్లు భూమిని చుట్టి వస్తూ ఉంటుంది. అదే అంతర్జాతీయ రోదసీ కేంద్రం. 2000 నవంబరు నుంచి అందులో మనుషులు ఒక జట్టు తరవాత ఒక జట్టుగా, ఎడతెగకుండా కాపురం ఉంటున్నారు.

మనం ఊహలోనే లోపలికి పోదాం. ఇక్కడ ఒంటికి బరువు తెలియదు కనక నడక లేదు. నీళ్ళలో చేపల్లాగా తేలుతూ పోవాలి. ఐరోపావారు కట్టిన "కొలంబస్" అనే గదిలో గోడ దగ్గర ఒక చిన్న పెట్టె, అందులో ఊదారంగు వెలుగు కనిపిస్తాయి. అదే మన తోట! దీన్ని 2014లో పైకి పంపారు. మొక్కలకు పాదులు లేవు. చిన్న చిన్న తలగడల వంటి సంచుల్లో కాల్చిన మట్టి పలుకులు, ఎరువు నింపి, వాటిలో విత్తనాలు నాటుతారు. ఇందులో పండిన ఎర్రని లెట్యూస్ ఆకుకూరను 2015 ఆగస్టు 10న రోదసీ యాత్రికులు రుచి చూశారు. మన శుభాంశు శుక్లా కూడా 2025లో ఈ కేంద్రానికే వెళ్ళి, చిన్న మూతపళ్ళేలలో మెంతులూ పెసలూ మొలకెత్తించారు.

సరే, ఇప్పుడు చెవి ఒగ్గి వినండి. రోదసి అంటే నిశ్శబ్దమని మీరు అనుకుంటారు. బయట నిజమే, గాలి లేదు కనక చప్పుడూ లేదు. కాని లోపల రాత్రీ పగలూ ఒకటే హోరు! అది ఫానుల హోరు.

"అయితే వాటిని కాసేపు ఆపరాదా?" అంటారేమో. ఆపరాదు. ఎందుకో చెబుతాను.

ఇంట్లో అగరువత్తి వెలిగిస్తే పొగ పైకి పోతుంది గదా! వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. అందుకే వేడిగాలి పైకి లేస్తే, దాని చోటికి చల్లగాలి వచ్చి చేరుతుంది. మనం విడిచిన వెచ్చని ఊపిరి కూడా ఇలాగే ముఖం దగ్గర నిలవకుండా పోతుంది. రోదసీ కేంద్రంలో బరువే తెలియనప్పుడు ఇక తేలిక ఏమిటి, పైకి పోవటం ఏమిటి? ఫాను లేకపోతే నిద్రపోయేవాడి ముఖం చుట్టూ అతను విడిచిన బొగ్గుపులుసు వాయువే పోగుపడుతుంది.

మొక్కకూ ఇదే చిక్కు. ఆకులు విడిచే నీటి ఆవిరి ఆకులనే అంటిపెట్టుకుని ఉండిపోతుంది. 2015 డిసెంబరులో ఈ తోటలోని జిన్నియా మొక్కలకు తడి ఎక్కువై బూజు పట్టింది. అప్పుడు స్కాట్ కెల్లీ అనే యాత్రికుడు వాటిని కనిపెట్టి చూస్తున్నాడు. తడి ఆరటానికి ఫాను వేగం పెంచారు. బూజు తగ్గింది గాని, కొద్దిరోజులకే మొక్కలు మరీ ఎండిపోసాగాయి! కెల్లీ వాటి వాలకం చూసి, అవసరమైనప్పుడల్లా నీళ్ళు పోశాడు. కొన్ని చచ్చిపోయినా మిగిలినవి బతికాయి. 2016 జనవరిలో నారింజరంగు పువ్వు విచ్చుకున్నది.

కాబట్టి గాలి ఆడవలసిందే. కాని నెలల తరబడి హోరులో ఉంటే చెవులు మందగిస్తాయి, నిద్ర చెడుతుంది, ప్రమాదాన్ని తెలిపే గంట మోగినా వినపడకపోవచ్చు. 2000 జులైలో పైకి పంపిన రష్యావారి "జ్వెజ్దా" గది తొలిరోజుల్లో మరీ రొదగా ఉండేది. అక్కడివారు చెవులకు బిరడాలు పెట్టుకోవలసి వచ్చింది. తరవాత చప్పుడు తక్కువ చేసే ఫానులు అమర్చి ఆ రొదను చాలావరకు తగ్గించారు.

గాలి తగ్గకుండా చప్పుడు తగ్గించటం ఎలా? ఒక చిన్న లెక్క చేద్దాం. చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. ఫాను వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెళ్ళు పడిపోతుంది. 60 డెసిబెళ్ళ ఫాను ఒకటి ఉన్నదనుకోండి. దాని బదులు అటువంటివే రెండు తెచ్చి సగం వేగంతో తిప్పండి. గాలికి అడ్డేమీ లేకపోతే మొత్తం గాలి మునుపటంతే వస్తుంది. ఒక్కొక్క ఫాను చప్పుడు 45. రెండూ కలిస్తే 90 అనేరు! కాదు. సమానమైన రెండు చప్పుళ్ళు కలిస్తే పెరిగేది 3 మాత్రమే. అంటే మొత్తం 48. ఒకడు పరుగెత్తి చేసే పనిని ఇద్దరు నెమ్మదిగా నడిచి చేశారన్నమాట!

ఇంకా ఉపాయాలున్నాయి. ఫాను అదురు గోడకు అందకుండా మధ్య రబ్బరు దిమ్మలు పెడతారు. గాలి పోయే గొట్టం లోపల చప్పుడును పీల్చే మెత్తని పొర పరుస్తారు. దుమ్ము అక్కడ నేలకు దిగదు. గాలితో కొట్టుకుపోయి జల్లెడలకు పట్టుకుంటుంది. అవి మూసుకుపోతే గాలి తగ్గి, రొద పెరుగుతుంది. అందుకే యాత్రికులు వారం వారం చీపురు బదులు గాలిని పీల్చే యంత్రం పట్టుకుని వాటిని శుభ్రం చేస్తారు. అక్కడ హోరు తగ్గితే సంతోషం. బొత్తిగా ఆగిపోతే భయం.

రబ్బరు దిమ్మల మహిమ మీరు ఇంట్లోనే చూడవచ్చు. అమ్మనడిగి సెల్‌ఫోను తీసుకుని, గంట మోగకుండా అదిరేటట్టు మాత్రం పెట్టండి. ముందు చెక్కబల్ల మీద, తరవాత నాలుగు మడతలు వేసిన తువ్వాలు మీద ఉంచి, ఇంకొక ఫోను నుంచి పిలవండి. అదే ఫోను, అదే అదురు. మరి బల్ల మీద అంత బుర్రుమన్నది, తువ్వాలు మీద ఎందుకు గొణిగింది? జవాబు మీకే తెలుసు.