వెండి మీద తాతలు

రోమన్ నాణేలు సేకరించేవాళ్ళలో చాలామంది చక్రవర్తుల వెంట పడతారు. అగస్టస్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క ముఖాన్నీ వరసగా పేర్చుకుంటూ పోతారు. నా మనసు మాత్రం చక్రవర్తులు రాకముందరి నాణేల మీదే. రాజంటే గిట్టని ఆ రోములో, క్రీ.పూ. 2, 1 శతాబ్దాల్లో కొట్టిన వెండి డెనారియస్‌లలో ఎన్నో ఎవరో ఒకరి ఇంటి కథ చెబుతాయి.

అందుకు కారణం ఉంది. నాణేలు వేయించే బాధ్యతను ముగ్గురు యువకులకు అప్పగించేవారు. రాజకీయాల్లో అప్పుడప్పుడే అడుగుపెడుతున్నవాళ్ళు. కాపిటోలిన్ కొండ మీద జూనో మొనేటా గుడి పక్కన టంకశాల. మొదట్లో బొమ్మ వైపు రోమా దేవత తల, బొరుసు వైపు గుర్రాల మీద కవల దేవతలు. అందరూ అవే వేసేవారు. తర్వాత మూలన తమ పేరు పొట్టిగా చెక్కించుకోవడం మొదలైంది. క్రీ.పూ. 2వ శతాబ్దం చివరి భాగానికి వచ్చేసరికి బొమ్మలే మారిపోయాయి. రేపు ఎన్నికల్లో నిలబడబోయే కుర్రాడు, తన తాత ఎవరో, ముత్తాత ఏం గెలిచాడో వెండి మీద వేయించి సైనికుల జీతాల్లోకీ సంతల్లోకీ పంపేవాడు. మన పెళ్ళిపీటల మీద ప్రవర చెబుతారే, ఫలానా వారి ముని మనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కొడుకు అని, ఆ ప్రవరను వాళ్ళు ఊరంతటికీ పంచిపెట్టారు.

నా దగ్గరున్న కొద్దిపాటి నాణేల్లో నాకు ప్రాణమైనది గయస్ మామిలియస్ లిమెటానస్ క్రీ.పూ. 82లో వేయించినది. అంచు చుట్టూ రంపపు పళ్ళలా గాట్లు. బొరుసు వైపు చేతికర్రతో నడిచి వస్తున్న మనిషి, అతని ఎదుట తలెత్తి చూస్తున్న కుక్క. ఆ మనిషి యులిసిస్. ట్రాయ్ యుద్ధం ముగించుకుని, ఇల్లు విడిచిన ఇరవై ఏళ్ళకు బిచ్చగాడి వేషంలో సొంత ఇంటికి వస్తే, కట్టుకున్న భార్య కూడా గుర్తుపట్టలేదు. ముసలి కుక్క ఆర్గస్ గుర్తుపట్టి తోకాడించి ప్రాణం విడిచింది. హోమర్ చెప్పిన ఆ ఘట్టాన్ని చిటికెన వేలి గోరుకన్నా కాస్త పెద్దదైన వెండి బిళ్ళలో ఇమిడ్చిన ఆ చెక్కడపుపనివాడికి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. ఇంతకీ మామిలియస్‌కు యులిసిస్‌తో ఏం పని? మామిలియస్‌ల సొంత ఊరు టస్కులం. ఆ ఊరిని స్థాపించింది యులిసిస్‌కూ మంత్రగత్తె సర్సీకీ పుట్టిన టెలిగోనస్ అని వాళ్ళ నమ్మకం. అంటే యులిసిస్ వాళ్ళ మూలపురుషుడు. బొమ్మ వైపు చూస్తే మెర్క్యురీ దేవుడు, యులిసిస్‌కు తల్లి వైపు ముత్తాత. కుక్కను చూసి ముచ్చటపడేవాళ్ళు రెండో వైపు తిప్పి ఆ ముత్తాతను కూడా చూడాలి. అప్పుడే బంధుత్వం పూర్తవుతుంది.

ఇవన్నీ నిజాలేనా అని అడిగితే, రోమన్లలోనే నమ్మనివాళ్ళున్నారు. పెద్దిళ్ళలో చనిపోయినవాళ్ళ మైనపు ముఖాలు దాచుకునేవారు. ఇంట్లో చావు జరిగితే ఆ ముఖాలు తొడుక్కుని మనుషులు ఊరేగింపులో నడిచేవారు, వారసులు నిలబడి తాతల ఘనత చదివేవారు. ఆ పొగడ్తల్లో జరగని విజయాలూ దొంగ వంశావళులూ దూరి చరిత్రనే పాడుచేశాయని వక్త మార్కస్ టుల్లియస్ సిసిరో రాశాడు. పేరు కలిసింది కదా అని నేనూ పాతకాలపు ఫలానా టుల్లియస్ వంశంవాణ్ణని చెప్పుకుంటే ఎలా ఉంటుందని తననే ఉదాహరణగా చూపించాడు. నేను సిసిరో మాటను కాదనను. కానీ ఒక కుటుంబం ఎవరి బిడ్డలమని చెప్పుకోవాలనుకుందో, అది కూడా చరిత్రే.

నిజమైన గొప్పలూ ఉన్నాయి. మెటెల్లస్‌ల నాణేల మీద ఏనుగు కనిపిస్తే, క్రీ.పూ. 250లో సిసిలీలోని పానోర్మస్ దగ్గర వాళ్ళ పూర్వీకుడు కార్తేజ్ ఏనుగులను పట్టుకున్నాడన్నమాట. రెండు వందల ఏళ్ళు ఆ ఇంటివాళ్ళు ఆ ఏనుగును వదల్లేదు. సేనాని సుల్లా కొడుకు ఫాస్టస్ వేయించిన నాణెం మీద, చేతులు కట్టేసి ఉన్న జుగుర్తా రాజును సుల్లాకు అప్పగించే దృశ్యం ఉంది. ఆ దృశ్యమే తండ్రి ముద్రటుంగరం మీద కూడా ఉండేది.

అన్నిటికన్నా బరువైనది క్రీ.పూ. 54 నాటిది. మార్కస్ బ్రూటస్ వేయించాడు. ఒకవైపు, రాజులను రోము నుంచి తరిమిన మొదటి బ్రూటస్. మరోవైపు అహాలా, రాజు కావాలనుకుంటున్నాడన్న అనుమానం మీద మెలియస్ అనేవాణ్ణి చంపినవాడు, బ్రూటస్‌కు తల్లి సర్విలియా వైపు పూర్వీకుడు. సేనాని పాంపేను డిక్టేటర్‌ని చేస్తారన్న మాట వినపడుతున్న రోజులవి. మొదటి బ్రూటస్ తన కొడుకులకే మరణశిక్ష వేశాడు కదా, మరి ఈ వంశం ఎక్కడినుంచి వచ్చిందని ఆ కాలంలోనే అడిగినవాళ్ళున్నారు. వంశం సంగతి ఏమైనా, పదేళ్ళ తర్వాత క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్‌ను పొడిచినవాళ్ళలో ఈ బ్రూటస్ ఉన్నాడు. తాతల బొమ్మలు వేయించుకున్నవాడు వాటికి తలొగ్గాడనే నేననుకుంటాను.

అప్పటివరకు రోములో బతికున్న మనిషి ముఖం నాణెం మీద వేసే అలవాటు లేదు. చనిపోయినవాళ్ళకే ఆ చోటు. సీజర్ ఆ ఏడాది మొదట్లో ఆ గీత దాటాడు. తర్వాత బ్రూటస్ కూడా రెండు బాకుల బొమ్మ ఉన్న నాణెం మీద తన ముఖమే వేయించుకున్నాడు. అందరి ఇళ్ళ కథలూ పోయి, కాలక్రమేణా ఒకే ఇంటి కథ మిగిలింది.

సేకరణలో నాణేనికీ ఒక వంశచరిత్ర ఉండాలి. ఎక్కడ దొరికింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, పాత వేలం జాబితాల్లో కనిపించిందా? ఆ కాగితాలు లేనిది ఎంత అందమైనదైనా నాకొద్దు. మన పొలాల్లో బయటపడే నిధి సంగతి వేరే. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పితీరాలి. అలా చెప్పబట్టే చరిత్రకు అందినవి ఎన్నో ఉన్నాయి.

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల డెనారియస్‌లు కుప్పగా దొరికాయి. దక్షిణ భారతంలో తరచుగా కనిపించే అగస్టస్ నాణెం ఒకటుంది. బొరుసు వైపు ఇద్దరు కుర్రాళ్ళు, డాళ్ళూ ఈటెలూ పట్టుకుని నిలబడి ఉంటారు. గయస్, లూషియస్. అగస్టస్ కూతురు జూలియాకూ అగ్రిప్పాకూ పుట్టినవాళ్ళు, తాత దత్తత చేసుకున్నాడు. నాణెం మీద రాత వాళ్ళను అగస్టస్ కొడుకులంటుంది. క్రీ.పూ. 2లో జూలియాను తండ్రే దేశాంతరం పంపించాడు. ఆ చుట్టుపక్కల ఏళ్ళలో కొట్టిన ఆ నాణెం మీద కన్నతల్లి ఊసే లేదు.

ఆ వెండి చేరిన తెలుగు నేలను ఏలిన శాతవాహనులు క్రీ.శ. 2వ శతాబ్దంలో తమ ముఖాలతో వెండి నాణేలు వేశారు. వాటి మీద తండ్రి పేరు లేదు. గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అంటూ తల్లి పేరే, ఒకవైపు ప్రాకృతంలో, మరోవైపు ద్రావిడ భాషలో. నాసిక్ శాసనం గౌతమీ బాలశ్రీని మహారాజుకు తల్లి అనీ, మహారాజుకు నాయనమ్మ అనీ చెబుతుంది.

జూలియాకూ ఒక నాణెం ఉంది. క్రీ.పూ. 13లో, ఆమె ఇంకా తండ్రి ముద్దుబిడ్డగా ఉన్నప్పుడు వేసినది. ఒకవైపు అగస్టస్, రెండోవైపు ఇద్దరు కొడుకుల మధ్య జూలియా తల. అది చాలా అరుదు. గయస్, లూషియస్‌ల నాణెం నా పెట్టెలో ఉంది. దాని పక్కన వాళ్ళమ్మను చేర్చాలని వెతుకుతూనే ఉన్నాను.