ఇంటిపేరూ, ఓ కామా

మా గడ్డిఅన్నారం ఇంట్లో మూడు రోజులుగా పోపు మాడుతోంది. తప్పు నాది కాదు, కామాలది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మా కోడలు రాగుల మీద పరిశోధన చేస్తోంది. రాగుల్ని నానబెట్టి మొలకెత్తిస్తే వాటిలోని భాస్వరం సంగతి ఏమవుతుందన్నది దాని తాపత్రయం. "నానబెడితే మంచిదని మా అమ్మమ్మకే తెలుసు. దానికి నాలుగేళ్ళెందుకే?" అన్నానొకసారి. "ఎంత మంచిదో లెక్క చెప్పాలి కదత్తయ్యా" అంది. సరే, నాలుగేళ్ళ కష్టమూ ఇరవై రెండు పేజీల వ్యాసమయింది. ఒక జర్నల్ వాళ్ళు వద్దన్నారు. రెండో జర్నల్ వాళ్ళు, "చూస్తాం గానీ, చివరనున్న రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు. సోమవారంలోగా సరిచేసి పంపండి" అన్నారు.

రిఫరెన్సులంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఎవరి మాట ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామో ఒప్పుకోవడం. "ఈ ఆవకాయ కొలత మా పెద్దత్తగారిది" అని మనం చెప్పుకోమూ, అలాగన్నమాట. కాకపోతే పెద్దత్తగారి పేరు, ఏ సంవత్సరం, ఏ సంపుటం, ఎన్నో పేజీ అన్నీ చెప్పాలి. అలాంటివి అరవై రెండు!

"ఇవన్నీ కంప్యూటరే సర్దేస్తుందన్నావుగా?" అన్నాను.

"జొటెరో అని ఒకటుందత్తయ్యా, సర్దుతుంది. మనం పెట్టిన తప్పుల్ని కూడా అంతే పొందిగ్గా సర్దుతుంది."

మొదటి జర్నల్ వాళ్ళది అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం పద్ధతిట. 1929లో ఏడు పేజీల నియమాలతో మొదలై, ఇప్పుడు లావుపాటి పుస్తకమైంది. రెండో వాళ్ళది వాంకూవర్ పద్ధతి. వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని ఆ ఊళ్ళో కూర్చుని ఏర్పాటు చేసుకున్నది. అందులో పేరు పక్కనే సంవత్సరం. ఇందులో సంవత్సరం వెనక్కి పోయి పత్రిక పేరు తర్వాత కూర్చుంటుంది. అందులో పొడి అక్షరాల పక్కన చుక్కలు. ఇందులో చుక్క ఉండకూడదు. వింటుంటే నాకు సంక్రాంతి ముగ్గు గుర్తొచ్చింది. అక్కడా అంతేగా, ఓ చుక్క అటో ఇటో అయితే ముగ్గంతా పెడదారే.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. 2022 నాటికి పండ్ల మార్కెట్టు బాటసింగారం వెళ్ళిపోయాక మా వైపు రాత్రిళ్ళు లారీల రొదా లేదు, మామిడిపళ్ళ వాసనా లేదు. అది తన కాగితం చదవాలి, నేను అసలు వ్యాసాల మొదటి పేజీలు చూసి సరిపోల్చాలి. నెల సరుకుల చీటీ చూసుకుంటామే, అలాగ.

పదిహేడో నంబరు దగ్గర, "ఫిస్కే సి.హెచ్., సుబ్బారావు వై." అంది.

"ఈయన మన యల్లాప్రగడ సుబ్బారావుగారా?"

"ఆయనే అత్తయ్యా. 1895లో భీమవరంలో పుట్టి హార్వర్డ్ దాకా వెళ్ళారు. అక్కడ ఫిస్కేతో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టి, 1925లో ప్రకటించారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే అంత భాస్వరం. వందేళ్ళు దాటినా నా రాగుల్ని కొలిచింది దాంతోనే."

నాకు గర్వం ముంచుకొచ్చింది. ఆ ఊపులోనే గట్టిగా చదివాను: "సంపుటం అరవై ఆరు, పేజీలు 375 నుంచి 400."

"నా దాంట్లో అరవై అయిదుందే!" అని నాలిక కరుచుకుంది. ఎవరి జాబితాలోంచో అసలు చూడకుండా ఎత్తి రాసుకుందట. "వాళ్ళ తప్పు నేను రాశాను, నాది చూసి ఇంకొకరు రాసేవారు. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి ఆ పేజీలో సుబ్బారావుగారు కనిపించేవారే కాదు."

"అది సరే, యల్లాప్రగడ ఏమయిందే?"

"ఆ 'వై' అదే. మనకి ఇంటిపేరు ముందు, వాళ్ళకి చివర. అందుకని సుబ్బారావు ఇంటిపేరయింది, యల్లాప్రగడ ఒక్క అక్షరమయింది."

లెక్కల మేష్టారుగా రిటైరైన మా వారు పేపర్లోంచి తలెత్తి, "మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి సంగతీ అంతే. ఆయన 1945లో కలకత్తా పత్రికలో రాసిన వ్యాసం ప్రపంచమంతా చెప్పుకుంటుంది, రావు అనే! కల్యంపూడి 'సి' అయి కూర్చుంది" అన్నారు.

పాపం మగవాళ్ళు, ఇంటిపేరు పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో సముద్రాలు దాటాక గాని తెలియలేదు వాళ్ళకి. మనకైతే పీటల మీదే తెలుస్తుంది.

అరవై రెండూ అయ్యాయి. అసలు పీటముడి మొదటి పేజీలో ఉంది. అక్కడ కోడలు తన పేరు రాయాలి. 2019లో, పెళ్ళికి ముందు, దాని వ్యాసమొకటి పుట్టింటి ఇంటిపేరుతో అచ్చయింది. ఇప్పుడు పాస్‌పోర్టు మీద మా ఇంటిపేరు. మావాడు, "ఇందులో ఆలోచించేదేముంది? మన ఇంటిపేరు రాసెయ్" అనేసి నిద్రకి వెళ్ళిపోయాడు.

అది మాట్లాడలేదు. కానీ వేళ్ళు మీటల మీద కదలడం లేదు.

"మారిస్తే ఏమవుతుందే?" అన్నాను.

"పాత వ్యాసం ఎవరిదో, ఇది ఎవరిదో అయిపోతుందత్తయ్యా. ఆర్కిడ్ అని పరిశోధకులకి 2012 నుంచి పదహారంకెల నంబరిస్తున్నారు. రెండు పేర్లనీ దాని కింద కలపొచ్చు. కానీ రేపు ఎవరైనా నా పని చెప్పుకుంటే వాళ్ళ జాబితాలో పడేది నంబరు కాదు, పేరే."

సంపుటంలో ఒక్క అంకె తప్పితే సుబ్బారావుగారంతటివారే దొరకరన్నాం కదా. ఇంటిపేరే మారితే నిన్నగాక మొన్న మొదలుపెట్టిన ఈ పిల్ల ఎక్కడ దొరుకుతుంది?

"పుట్టింటి పేరే రాయి. ఈ ఇంటి పరువు మీ నాన్న ఇంటిపేరు వల్ల పోదు. మావాడికి పొద్దున్న నేను చెబుతాలే" అన్నాను. మా వారు ఏమంటారోనని చూశాను. కళ్ళజోడు తుడుచుకుంటూ, "రాయనీ" అన్నారు.

ఆదివారం సాయంత్రం పంపేముందు అది నా దగ్గరికొచ్చింది. "కృతజ్ఞతల్లో మీ పేరు వేస్తానత్తయ్యా. మీరు సరేనంటేనే వెయ్యాలి. ఎలా రాయమంటారు?"

నాకు నోట మాట రాలేదు. పెళ్ళయి నలభై ఏళ్ళు. శుభలేఖల మీద నేను 'దంపతులు' అనే మాటలో సగాన్ని. కరెంటు బిల్లు మీద లేను, గేటు పక్క పలక మీద లేను. గరిట పక్కన పెట్టి, నా ఎస్.ఎస్.సి. సర్టిఫికెట్టు మీద ఉన్న పేరు, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం చెప్పాను. అది టైపు చేసి పైకి చదివింది.

"ఆవిడెవరూ?" అన్నారు మా వారు ముందుగదిలోంచి.

మీ ఇంట్లో కూడా ఓసారి చదివి చూడండి.