మా ఇంటికి 143 మెట్లు

"మేడమ్, లొకేషన్‌కి వచ్చేశాను. ఇల్లు కనబడట్లేదు."

"ఎదురుగా మెట్లున్నాయి కదా అన్నయ్యా, అవి ఎక్కి రావాలి."

"ఎన్నుంటాయి?"

నూట నలభై మూడు అని నిజం చెప్తే ఆర్డర్ క్యాన్సిల్. అందుకే "ఉండండి, నేనే దిగుతున్నా" అంటాను.

మాది కంచరపాలెం దగ్గర కొండవాలు. మెయిన్ రోడ్డు నుంచి మూడే నిమిషాలని ఫోన్లో మ్యాప్ చెప్తుంది. పాపం, దానికి దూరం తెలుసు గానీ ఎత్తు తెలీదు. గ్యాస్ బండ పైకి రావాలంటే మోత కూలి వేరే ఇవ్వాలి. వానాకాలం రాత్రి ఎక్కడైనా రాయి దొర్లిన చప్పుడైతే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఎత్తుకెళ్లిన మా పైకప్పు రేకులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు.

"ఇంత పైన ఎందుకు కట్టుకున్నారే?" అని స్కూల్లో ఫ్రెండ్స్ అడిగితే సిగ్గేసేది. డబ్బుల్లేక అనుకునేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం విశాఖ నేలలోనే ఉంది.

ఒకసారి ఊరిని పైనుంచి ఊహించుకోండి. ఉత్తరాన సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ. దాని కొస సముద్రంలోకి పొడుచుకొస్తే అదే డాల్ఫిన్స్ నోస్. ఈ రెంటి మధ్య పల్లం. ఒకప్పుడు అక్కడ సముద్రపు పోటుకి ఉప్పునీళ్లు ఎక్కి దిగే బురద నేల ఉండేది. డాల్ఫిన్స్ నోస్ అలల్నీ గాలినీ అడ్డుకుంటుంది కాబట్టి, దాని వెనక బురద తవ్వి రేవు కట్టారు. 1933లో పోర్టు మొదలైంది. మధ్య భారతం నుంచి మాంగనీసు ఖనిజం ఇక్కడ ఓడెక్కింది.

ఆ తర్వాత చదును నేల కోసం అందరూ వరస కట్టారు. 1941లో షిప్‌యార్డుకి పునాది, 1957లో రిఫైనరీ, 1971లో స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన. మధ్యలో నేవీ, రైల్వే యార్డులు. ఇన్నింటికీ వేలమంది పనివాళ్లు కావాలి. క్వార్టర్స్ దొరికినవాళ్లకి సరే. దొరకనివాళ్లు? మా తాతలాగ కొండెక్కారు.

తాత శ్రీకాకుళం వైపు నుంచి పోర్టులో కళాసీగా వచ్చాడు. డ్యూటీ దిగాక ఇసుక నెత్తిన మోసుకుని, గదికి గది చేర్చుకుంటూ ఈ ఇల్లు కట్టాడు. జపాన్ పేరెత్తితే "ముందు బాంబులేసినోళ్లు, తరవాత రాళ్లు కొన్నోళ్లు" అని నవ్వేవాడు. రెండూ నిజమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని అదే జపాన్‌కి పంపడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. అరకు వెళ్తూ మనం రీల్స్ తీసుకునే సొరంగాలు ఆ లైన్లోవే.

ఆమధ్య ఒక వీడియోలో జపాన్ ఊరు నాగసాకి చూశాను. అచ్చం మా ఊరే! చుట్టూ కొండలు, మధ్యలో రేవు, పెద్ద షిప్‌యార్డు, వాలంతా మెట్లు, మెట్ల పక్కన ఇళ్లు. కుర్రాళ్లు కిందికో, వేరే ఊళ్లకో వెళ్లిపోతుంటే పైన ముసలివాళ్లు మిగులుతున్నారు. ఖాళీ ఇళ్లకి తాళాలు. ఒకచోట మాత్రం వాలు పొడవునా ఏటవాలుగా నడిచే లిఫ్టు పెట్టారు. అందులో ఒక బామ్మ కూరగాయల సంచీతో పైకెళ్తోంది. ఆ బామ్మని చూసి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఎందుకంటే మా నాన్నమ్మ మోకాళ్ల నొప్పులతో ఏడు నెలలుగా కిందికి దిగలేదు. అంతకుముందు జ్వరం ఎక్కువైతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు మోసుకుని దింపారు. అంబులెన్స్ మెట్ల కింద ఆగి ఉంది. దారంతా నాన్నమ్మ కళ్లు మూసుకునే ఉంది, భయంతో కాదు, సిగ్గుతో.

నా ఉద్యోగం రుషికొండ ఐటీ హిల్స్‌లో. అదీ కొండే. కానీ ఆఫీసు గుమ్మం దాకా నున్నటి రోడ్డు, క్యాబ్ దిగితే లిఫ్టు. కొండ మీదికి దారి వెయ్యలేమని ఇంక నాకెవరూ చెప్పలేరు.

జీతం చేతికొచ్చాక కింద అద్దె ఇల్లు చూశాను. నాన్నమ్మ ససేమిరా అంది. "నానెక్కడికీ రాను. మీ తాత మోసిన ఇసక ఇది. ఇక్కడ గాలాడతాది, ఓడలు కనిపిస్తాయి." అది కూడా నిజమే. సాయంత్రం మా అరుగు మీద కూర్చుంటే రేవు దీపాలన్నీ మావే అనిపిస్తుంది.

లిఫ్టు మా వల్ల అయ్యేది కాదు. అందుకే మా వరసలో ఇరవై రెండు ఇళ్లవాళ్లం తలా ఇంత వేసుకుని మెట్ల పక్కన ఇనుప రెయిలింగ్ పెట్టించాం. మధ్యలో మూడుచోట్ల కూర్చోడానికి దిమ్మలు కట్టించాం. రోడ్డుకీ కాలువకీ వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం. దాని కోసం ఇంకా తిరుగుతున్నాం.

మార్గశిరం వచ్చింది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్లాలని నాన్నమ్మ పట్టు. రెయిలింగ్ పట్టుకుని, ప్రతి దిమ్మ మీదా కూర్చుని, దిగడానికి అరగంట తీసుకుంది. తిరిగి ఎక్కడానికి గంట పైనే. ఇంటికొచ్చి పడుకుంటే, ఇంక ఈ ఏడాదికి ఇంతే అనుకున్నాను.

పొద్దున్నే లేపింది.

"ఒలే, మళ్లీ లచ్చివారం సెలవు పెడతావా?"