సంవత్సరాంతపు లెక్క

దేవుని కృపవలన ఈ సంవత్సరపు పాఠశాలపని ముగింపునకు వచ్చినది. పరీక్షలు జరిగినవి, ఆటలపోటీల బహుమానములు పంచిపెట్టబడినవి, గ్రంథాలయపు పుస్తకములలో చాలభాగము తిరిగి వచ్చినవి. (తక్కినవి యెవరియొద్ద నున్నవో వారికిని తెలియును, మాకును తెలియును.) మార్కుల సంగతి ప్రధానోపాధ్యాయులవారి నివేదికలో గలదు గనుక దానిని మరల వ్రాయము. ఏ నివేదికలోను చేరని యొక యభివృద్ధిని గూర్చి వ్రాయదలచితిమి.

మా పాఠశాల నల్లగొండ జిల్లా మెట్టనేలలో నున్నది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, దేవరకొండ ప్రాంతముల పిల్లలు ఇచ్చట చదువుచున్నారు. పాలమూరు వైపునుండి వలసకూలికి పోవు కుటుంబముల పిల్లలు మా వసతిగృహములో నున్నారు. ఈ సీమలో వానలు తక్కువ. నేల యడుగున గ్రానైటు రాయి. చెరువులును బావులును ఎండినకొలది జనులు బోర్లను లోతుగా వేసిరి; ఆ లోతునీటిలో రాతినుండి కరగిన ఫ్లోరైడు చేరియున్నది. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి నియమము. ఇచ్చటి పెక్కు బోర్లలో అంతకు ఎన్నియో రెట్లుండెను. ఆ నీటివలన చిన్నతనమున పళ్ళు గారపట్టును. ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలు బిగిసి నడుము వంగును. పటికయు సున్నమును కలిపి నీటినుండి ఫ్లోరైడును తీసివేయు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు పెట్టిరి. మన జిల్లా పేరు విజ్ఞానగ్రంథములలో కెక్కినది ఈ విధముగా! ఇట్టి కీర్తిని ఎవరును కోరుకొనరు.

పద్యము చదువువాడు నోరు చక్కగా తెరచి, ప్రతి యక్షరమును తేటగా పలుకవలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. సూత్రము మంచిదే. కాని యీ ప్రాంతమున ఉద్యోగమున చేరిన మొదటి సంవత్సరమందే, మంచి కంఠముగల పిల్లలు పెదవి విప్పుటకు జంకుట చూచితిమి. నవ్వు వచ్చినప్పుడు బాలికలు చున్నీనో అరచేతినో నోటికి అడ్డము పెట్టుకొందురు. క్రొత్తగా వచ్చినవారు దానిని వినయమనుకొందురు. అది వినయము కాదు, గారపళ్ళ సిగ్గు. ఎంత తోమినను ఆ మరక పోదు. పన్ను లోపల రూపొందుచున్నప్పుడే అది పట్టుకొనును. కావున అట్టి పిల్లలను శుభ్రత లేనివారని మందలించుట అన్యాయము. అట్టి మాటలను మా పిల్లలు పట్టణపు పోటీలకు పోయినప్పుడు వినియున్నారు.

కృష్ణానీరు కొన్ని గ్రామములకు మునుపే వచ్చుచుండెను. 2015లో, నాడు మన జిల్లాలోనిదైన చౌటుప్పలులో మిషన్ భగీరథ స్తంభము ఆవిష్కరింపబడెను. 2016 ఆగష్టు 7న గజ్వేలు దాపున కోమటిబండలో ఆ పథకమునకు ప్రారంభోత్సవము జరిగెను. అటుపిమ్మట మా పిల్లల యూళ్ళలో ఇంటింటికి నల్లాలు వచ్చినవి.

గత మాసమున తరగతులవారిగా ఛాయాచిత్రములు తీయించితిమి. పదవ తరగతివారిలో పలువురు పెదవులు బిగించి నిలిచిరి. ఆరవ తరగతివారిని నవ్వుమని చెప్ప నక్కరలేకపోయెను. నవ్వు కొంచెము ఆపుమని చెప్పవలసి వచ్చెను. వారు పసిబిడ్డలుగా నున్నప్పుడే నల్లానీరు వచ్చినది. పెద్దవారి ముందరిపళ్ళు అప్పటికే రూపొందియుండెను. ఆ రెండు పటములును ఉపాధ్యాయుల గదిలో ప్రక్కప్రక్కన నున్నవి. చూడగోరు తలిదండ్రులు నిస్సంకోచముగా రావచ్చును.

అయితే పదవ తరగతివారిని పాతలెక్కలోవారని మేము విడువజాలము. వార్షికోత్సవపు నాటకము ఆడినది వారే. అవ్వ వేషము కట్టిన బాలిక, ఐదేండ్లుగా చేయి అడ్డము లేక మాటలాడి యెరుగనిది, వేదికమీద వందలమంది యెదుట పకపక నవ్వెను. సభలో కూర్చున్న ఆమె తల్లియు నవ్వెను, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని. ఆ దినమున మాకు కలిగిన సంతోషము ఏ బహుమానమువలనను కలుగలేదు.

తొమ్మిదవ తరగతివారు తమ తమ యూళ్ళ బోరునీటిని సీసాలలో తెచ్చి, రంగు మారెడి మందుతో పరీక్షించి, పట్టిక వ్రాసి గోడకు అంటించిరి. ఊరిపేరు, బోరు ఉన్న చోటు, రంగు, తారీఖు అన్నియు అందున్నవి. ఉపాధ్యాయులు చేసినది మందు కొనియిచ్చుట మాత్రమే. ఆ పట్టికను చూచి యిద్దరు తండ్రులు తమ పొలములోని బోరునీటిని త్రాగుట మానిరి.

తలిదండ్రులకు ఒక మనవి. వేసవిలో నల్లా రాని దినములుండును. అప్పుడు దగ్గరనున్నది గదా యని, చల్లగానున్నది గదా యని, ఎర్రరంగు పూసిన చేతిపంపునీటిని పిల్లలకు త్రాగనీయకుడు. బట్టలుదుకుటకు వాడుకొనుడు. ముఖ్యముగా పాలు మాని నీరు త్రాగ నేర్చిన చిన్నబిడ్డలు ఇంటనున్నవారు ముందునాడే నల్లానీరు పట్టి యుంచవలెను.

వసతిగృహపు పిల్లలు కొందరు పుణె, ముంబయి నగరములలో కట్టడపుపనిలోనున్న తలిదండ్రులయొద్దకు పోవుచున్నారు. అచ్చట త్రాగు నీరు ఎట్టిదో చూడవలెనని తొమ్మిదవ తరగతివారు వారికి ఒక్కొక్క సీసా ఇచ్చి, మీద పేరు వ్రాయు కాగితము అంటించియున్నారు. పాఠశాల జూన్ మాసమున తెరవబడును. సీసాలు మరువకుడు.