హమ్‌సాయా

మానసిక వ్యాధి నుండి కోలుకున్న కొందరికి మా వీధిలో వసతిగృహం ఏర్పరుస్తారన్న వార్త పొక్కగానే పెద్దలు సమావేశమయ్యారు. "ఆడపిల్లలు తిరిగే వీధి ఇది, ఇండ్ల ధరలు పడిపోతాయి" అంటూ అభ్యంతర పత్రం సిద్ధమైంది. సంతకానికై అది విద్యార్థులమైన మా చేతికీ వచ్చింది. మేము సంతకం చేయలేదు.

పెద్దలను ధిక్కరించాలని కాదు. వారి భయానికి ఆధారమేదని మాత్రమే అడిగాము. రాబోయేవారిలో ఒక్కరినైనా చూచినవారు ఆ సభలో లేరు.

ఈ తగవు మా వీధిలోనే పుట్టినది కాదు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు క్లెబర్న్ పట్టణంలో బుద్ధిమాంద్యం గల 13 మందికి నివాసం ఏర్పరచబోగా పురపాలకులు అనుమతి నిరాకరించారు. ఇరుగుపొరుగుల నిరాధార భయం అందుకు కారణం కాజాలదని 1985లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలోను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అట్టివారికి సమాజంలో అందరి నడుమ జీవించే హక్కు ఉన్నదని, వారికి తగిన గృహాలను ప్రభుత్వం కల్పించాలని శాసిస్తున్నది.

చట్టం ఇల్లు ఇప్పించగలదు. పలకరింపు మాత్రం పొరుగువారే ఇవ్వాలి. ఉర్దూలో పొరుగువానిని 'హమ్‌సాయా' అంటారు. ఒకే నీడను పంచుకొనేవాడని ఆ మాటకు అర్థం. సోదర విద్యార్థులారా! అటువంటి పత్రం మీ చేతికి వచ్చిననాడు ఆ అర్థాన్ని ఒకమారు తలచుకొనవలసినదిగా మా మనవి.