ఓడ దగ్గరే ఆగిపోయే సాక్ష్యం

కష్టకాలంలో విశ్వాసికి దొరికే సమాధానం గురించి చెప్పేటప్పుడు బోధకులు తరచుగా ఎత్తుకునే కథ హొరేషియో స్పాఫోర్డ్‌ది. అమెరికాలో పుట్టిన ఈ సాక్ష్యం తెలుగు కూడికల దాకా వచ్చింది. స్పాఫోర్డ్ షికాగోలో పేరున్న న్యాయవాది, ప్రెస్బిటేరియన్ సంఘంలో పెద్ద, సువార్తికుడు డ్వైట్ మూడీకి స్నేహితుడు. 1871 అక్టోబరులో షికాగో తగలబడినప్పుడు భూముల మీద ఆయన పెట్టిన డబ్బు చాలావరకు పోయింది.

అసలు దెబ్బ రెండేళ్ల తర్వాత తగిలింది. 1873 నవంబరులో ఆయన భార్య ఆనా, నలుగురు కూతుళ్లు న్యూయార్క్ నుంచి ‘విల్ ద్యు ఆవ్ర్’ అనే ఫ్రెంచి ఓడలో యూరప్‌కు బయల్దేరారు. పనులు తెమలక ఆయన వెనక ఉండిపోయాడు. నవంబరు 22 తెల్లవారకముందే అట్లాంటిక్ మధ్యలో ‘లాక్ ఎర్న్’ అనే తెరచాప ఓడతో ఢీకొని, ఫ్రెంచి ఓడ పన్నెండు నిమిషాల్లో మునిగిపోయింది. 226 మంది చనిపోయారు. నలుగురు ఆడపిల్లలూ అందులోనే పోయారు. స్పృహ లేకుండా నీళ్లలో తేలుతున్న ఆనాను ఎవరో పైకి లాగారు. కార్డిఫ్ చేరాక ఆమె భర్తకు తంతి పంపింది: తానొక్కతే బతికింది, ఇప్పుడేం చెయ్యాలి?

ఇక్కణ్ణుంచి ప్రసంగం ఒకే దారిన నడుస్తుంది. తండ్రి ఓడెక్కుతాడు. కూతుళ్లు మునిగిన చోటు రాగానే కెప్టెన్ పిలిచి చూపిస్తాడు. ఆయన తన గదిలోకి వెళ్లి ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ అనే కీర్తన రాస్తాడు. బోధకుడు ఆ మాట అనగానే వెనక కీబోర్డు మెల్లగా మొదలవుతుంది. కళ్లు తుడుచుకునే చేతిరుమాళ్లు బయటికొస్తాయి.

వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా తేదీతోనే. మూడీతో కలిసి పాటలు పాడుతూ తిరిగిన ఇరా సాంకీ చెప్పినదాని ప్రకారం ఆ కీర్తన పుట్టింది 1876లో, షికాగోలో, తాను స్పాఫోర్డ్ ఇంట్లో కొన్ని వారాలు బస చేసినప్పుడు. చేతిరాత ప్రతి కూడా షికాగో హోటల్ కాగితం మీదే ఉంది. స్పాఫోర్డ్ కూతురు బెర్తా మాత్రం ఓడలోనే రాశాడని తన పుస్తకంలో రాసింది. కానీ ఆమె పుట్టింది ఓడ మునిగి నాలుగేళ్లు దాటాక. సాంకీ మాటే నిజమైతే సాక్ష్యం బలం తగ్గుతుందని బోధకులకు భయం కాబోలు. నిజానికి బలం పెరుగుతుంది. పిల్లలు పోయిన కొద్ది రోజులకే నా ప్రాణం క్షేమంగా ఉందని రాసిన తండ్రిని చూస్తే వినేవాడికి ఆశ్చర్యం కలుగుతుంది, ఆ వెంటనే తనకంత విశ్వాసం లేదన్న సిగ్గు పట్టుకుంటుంది. మూడేళ్లు ఖాళీ మంచాలున్న ఇంట్లో తిరిగి, ఆ తర్వాత ఆ మాట రాసిన తండ్రి అతనికి దగ్గరివాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని పట్టుకుని, ఆదివారం నాటికల్లా ముఖం తేటగా పెట్టుకోవాలన్నట్టు మాట్లాడే సంఘాలు ఈ మూడేళ్ల లెక్కను గోడ మీద రాసిపెట్టుకోవచ్చు.

ఈ తొందర బైబిలులో లేదు. దేవుడిచ్చే సమాధానం గురించి ప్రతి కూడికలోనూ వినిపించే వాక్యం పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోది. అది రాసేటప్పుడు ఆయన బంధకాల్లో ఉన్నాడు. నాలుగో అధ్యాయంలో దేన్ని గురించీ చింతపడవద్దన్నవాడే రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లొచ్చిన సంగతి చెప్పి, అతడు పోయుంటే దుఃఖం మీద దుఃఖం కలిగేదని, అతణ్ణి పంపించేస్తే తన బెంగ కొంత తగ్గుతుందని ఒప్పుకుంటాడు. ప్రసంగాల్లో నాలుగో అధ్యాయం వినిపించినంతగా రెండోది వినిపించదు.

కీర్తనకు స్వరం కట్టిన ఫిలిప్ బ్లిస్ ఆ రాగానికి మునిగిన ఓడ పేరే పెట్టాడు. 1876 డిసెంబరు 29న ఒహాయోలోని ఆష్టబ్యులా దగ్గర వంతెన కూలి రైలు పడిపోయిన ప్రమాదంలో ఆయనా, ఆయన భార్యా చనిపోయారు.

స్పాఫోర్డ్ దంపతుల కష్టాలూ కీర్తనతో తీరలేదు. ఓడ ప్రమాదం తర్వాత పుట్టిన కొడుకు 1880లో స్కార్లెట్ జ్వరంతో పోయాడు. ఇన్ని దెబ్బలు తగలడానికి వీళ్లు ఏ పాపం చేశారో అని సంఘంలో గుసగుసలు లేచాయి. నిత్యనరకం గురించిన బోధను స్పాఫోర్డ్ ప్రశ్నించాడు. సంఘంతో తెగిపోయింది. అప్పులూ మెడ మీదికొచ్చాయి. 1881లో ఆ దంపతులు కొద్దిమంది తోటి విశ్వాసులతో యెరూషలేము వెళ్లి, ఆస్తి అంతా ఉమ్మడిగా పెట్టుకుని బతికారు. ఊరివాళ్లు దాన్ని అమెరికన్ కాలనీ అన్నారు. 1888లో హొరేషియో మలేరియాతో చనిపోయాక పెత్తనం ఆనా చేతికొచ్చింది. ఆమె పాలన మెత్తనిది కాదు. చాలాకాలం పెళ్లిళ్లు కూడా సాగనివ్వలేదు. 1896లో స్వీడన్‌లోని నోస్ గ్రామం నుంచి రైతు కుటుంబాలు ఇళ్లూ పొలాలూ అమ్ముకుని వచ్చి చేరాయి. ఆ వలస మీదే సెల్మా లాగర్లోఫ్ ‘జెరూసలేం’ నవల రాసింది.

1915లో మిడతల దండు పాలస్తీనాను ఊడ్చేసింది. ఒకపక్క యుద్ధం. ఊళ్లో కరువు, టైఫస్. కాలనీవాళ్లు గంజికేంద్రాలు నడిపారు, ఏ పక్షం సైనికుడని అడగకుండా గాయాలకు కట్లు కట్టారు. 1917 డిసెంబరు 9న యెరూషలేము మేయరు బ్రిటిష్ సేనకు లొంగిపోవడానికి ఎత్తిన తెల్లజెండా కాలనీవాళ్లు పనిచేసే ఆస్పత్రి మంచం మీది దుప్పటి. దాని ముక్క ఇప్పుడు లండన్ యుద్ధ మ్యూజియంలో ఉంది.

ఆనా 1923లో చనిపోయింది. 1925 క్రిస్మస్ ముందురోజు బెర్తా బేత్లెహేముకు బయల్దేరుతుండగా, జబ్బుపడ్డ భార్యను గాడిద మీద ఎక్కించుకుని, పసివాణ్ణి చేత పట్టుకుని ఒక అరబ్బు రైతు ఎదురొచ్చాడు. ఆ రాత్రే తల్లి చనిపోయింది. తండ్రి మర్నాడు బిడ్డను తెచ్చి బెర్తా చేతిలో పెట్టాడు. అలా మొదలైన శిశుగృహానికి ఆమె తన తల్లి ఆనా పేరు పెట్టింది. పాత నగరం గోడల లోపల అది పిల్లల కేంద్రంగా నేటికీ నడుస్తోంది.