ఎడమచేతి వాటానికి మూడు కన్నాలు

పారిస్‌లో బాస్టీల్ కూడలి దాటి తూర్పుగా నడిస్తే ఫోబూర్ సెంతాంత్వాన్ వీధి వస్తుంది. కొన్ని వందల ఏళ్ళుగా అది వడ్రంగుల పేట. 1789లో బాస్టీల్ కోటమీదికి వెళ్ళిన జనంలో ఈ పేట కొయ్యపనివాళ్ళు చాలామంది వున్నారు. ఇప్పుడు వీధి మొగాన అన్నీ దుకాణాలూ, కాఫీ హోటళ్ళూను. పనివాళ్ళను చూడాలంటే సందుల్లో దూరాలి. ఫ్రెంచి వచ్చిన మిత్రుణ్ణి వెంటబెట్టుకుని అలాగే దూరాను. ఒక వాకిట్లో చిత్రిక చప్పుడు వినబడింది.

లోపల డెబ్భై ఏళ్ళ వడ్రంగి. ఆయన ముందు తాతగారి నాటి బల్ల. బీచి కర్ర, ఐదంగుళాల మందం. మన ఊళ్ళో వడ్రంగి నేలమీద కూర్చుని కర్రను కాలితో అదిమిపడతాడు కదా! వీళ్ళు నిలబడి చేస్తారు. మరి కర్రను పట్టేదెవరు? బల్లకున్న కన్నాలు! ఉలిపనికైతే బొటనవేలు దూరేటంత కన్నంలో వంకర ఇనపకొక్కెం దించి, నెత్తిన ఒక్కటిస్తారు. కాడ ఓరగా బిగుసుకుని కర్రను కదలనివ్వదు. కన్నం కాడకన్నా వెంట్రుకవాసి వదులుగా వుండాలి. మరీ బిగువైతే కాడ ఓరగిల్లదు, పట్టదు. చిత్రిక పట్టాలంటే కన్నంలో మేకు నిలబెట్టి కర్ర తలను దానికి ఆనిస్తే చాలు. ఈ మేకును ఇంగ్లీషువారు కుక్క అంటారు. కొక్కేన్ని ఫ్రెంచివారు "వాలే", అంటే నౌకరు అంటారు. నాకు నౌకరే నచ్చాడు.

1769లో ఆంద్రే జాకబ్ రూబో అనే పారిస్ వడ్రంగి తన వృత్తిపై ఒక పెద్ద గ్రంథం వెలువరించడం మొదలుపెట్టాడు. అందులో బొమ్మ వేసిన బల్లా, ఈ బల్లా అన్నదమ్ముల్లా వుంటాయి.

ఆ రోజు చిక్కేమిటంటే, పని నేర్చుకోవడానికొచ్చిన పిల్లది ఎడమచేతి వాటం. కుడిచేతివాడు చిత్రికను కుడినుంచి ఎడమకు తోస్తాడు గనుక మేకు ఎడమకొసన వుంటుంది. ఈమెకు కుడికొసన కావాలి. అక్కడ తాత నాటినుంచీ ఎవరూ బరమా పెట్టలేదు.

"వద్దండీ, నేనే కుడిచేత్తో నేర్చుకుంటాను. బల్ల పాడవుతుంది" అంది పిల్ల.

"చెయ్యి నీది. బల్ల పనిది" అన్నాడాయన.

కొక్కెం ఎంతదూరం అందుతుందో కొలిచి మూడు గుర్తులు పెట్టాడు. బరమాకు ఎదురుగా ఒక మూలమట్టం, పక్కన ఒకటి నిలబెట్టాడు. కన్నం వాలితే మేకు కూడా వాలుతుంది. పిల్ల ఒకవైపునుంచి కనిపెట్టి చూస్తూంటే ఆయన మెల్లిగా పిడి తిప్పాడు. బరమా మొన అడుగున సూదంత కనబడగానే ఆపేశాడు. ఒక్క ఊపున తొలిస్తే కింద పేళ్ళు లేస్తాయట. ఆ వయసులో బల్లకిందికి దూరి, ఆ చుక్కదగ్గరే బరమా ఆనించి, పైకి తొలిచాడు. నెరిసిన జుట్టునిండా పొట్టు!

పిల్ల మేకు దించింది. నిటారుగా నిలిచింది. ఒక చెక్కముక్క ఆనించి, ఎడమచేత్తో చిత్రిక తోసింది. సన్నని పొర చుట్టలు చుట్టుకుంటూ లేచింది. చెక్క కదల్లేదు.

ముసలాయన ఆ పొరను వెలుగుకెత్తి చూసి, ఏమీ అనకుండా, రెండో గుర్తు చూపించి బరమా ఆమె చేతికిచ్చాడు.